మాటపై మిగిలిన బాకీ: క్వేకరు వచనము, బిలాస్‌పూరు కవిత

రవీంద్రనాథ ఠాకూరు 1918లో వెలువరించిన ‘పలాతక’ కవితా సంపుటమున ‘ఫాంకి’ అను కథాకవిత యొకటి కలదు. వంచన, ఎగవేత అని ఆ మాటకు అర్థము చెప్పవచ్చును. కథ నడచు స్థలము బిలాస్‌పూరు రైల్వే స్టేషను. 23 ఏండ్ల బిను అను ఇల్లాలు జబ్బుపడగా, గాలిమార్పునకై భర్త ఆమెను వెంటబెట్టుకొని ప్రయాణమగును. అత్తవారింటి గడప దాటి ఆమె లోకమును చూచుట అదియే మొదలు. బిలాస్‌పూరులో బండి మారవలెను; ఆరు గంటలు ప్రయాణికుల గదిలో వేచియుండవలెను. అచ్చట కూలివాని భార్య రుక్మిణితో ఆమెకు పరిచయమగును. కరవు, జమీందారు పీడ రెండును తరిమివేయగా మగనితోపాటు ఊరు విడిచివచ్చిన స్త్రీ ఆ రుక్మిణి. కూతురి పెండ్లి నగలకు ఆమెకు 25 రూపాయలు కావలెను. ఆ మొత్తమిచ్చి పంపుమని బిను భర్తను కోరును. భర్త రుక్మిణిని చాటునకు పిలిచి, ప్రయాణికులను మోసగించి బ్రదుకుచున్నావని గద్దించి, కొలువు ఊడగొట్టింతునని బెదరించి, ఆమె ఏడ్చి కాళ్లపై బడిన పిమ్మట 2 రూపాయలు చేతబెట్టి పంపివేయును. బిను మాత్రము మొత్తము ముట్టినదనియే నమ్మును. రెండు నెలలకు, భర్త తనకు పంచియిచ్చిన ఆనందమును తలచుకొనుచు, ఆమె కన్నుమూయును. భర్త బిలాస్‌పూరునకు తిరిగివచ్చి రుక్మిణిని వెదకును. ఆ కుటుంబము ఎచటికో తరలిపోయినది. చెల్లింపవలసిన సొమ్ము చేతిలోనున్నది, పుచ్చుకొనువారు లేరు.

ఈ కథలో హత్య లేదు. లోకము ద్రోహమని పేరు పెట్టదగినంత పెద్ద తప్పును లేదు. జరిగినది 23 రూపాయల తేడా. ఆ తేడాను ఎవ్వరును కనిపెట్టలేదు. తెలిసికొనదగిన హక్కు గల ఒక్క మనిషియు మరణించినది. మోసగించువాడే ఎదుటి మనిషిని మోసగత్తె యని నిందించుట ఇందలి క్రూరమైన మెలిక. కథ చెప్పునది ఆ భర్తయే. అతడు తన్ను సమర్థించుకొనడు. లెక్క చెప్పి ఊరకుండును. అందువలన పాఠకుని ముందు ఒక ప్రశ్న నిలుచును: పలుకవలసిన వేళ పలుకని సత్యమును ఆలస్యముగా ఎవరికి చెప్పవలెను? చెప్పినందువలన ఎవరి బాకీ తీరును?

ఈ ప్రశ్ననే మూడున్నర శతాబ్దములకు పైగా నిత్యసాధనగా చేసికొన్న సమాజమొకటి కలదు. అది క్వేకరుల సమాజము. వారి వచనమును ఈ కవిత ప్రక్కన ఉంచి చదివినచో రెండింటి బలమును, రెండింటి లోపమును తేటపడును. ఈ పోలికకు భూగోళము సైతము కొంత సాక్ష్యమిచ్చును. క్వేకరుల ప్రధాన క్షేత్రము బిలాస్‌పూరు కాదు. కాని ఆ జంక్షను నుండి కట్నీ, జబల్పూరుల మీదుగా పోవు రైలు మార్గము సోహాగపూరు దాటి ఇటార్సీ చేరును. సోహాగపూరు, ఇటార్సీ, హోషంగాబాదులే భారతీయ క్వేకరుల సీమ. ఒకనాడు ఇవన్నియు మధ్యపరగణాల పాలనలోనివే. ఒకే కరవు ఆ నేలనంతటిని కాల్చినది.

బిలాస్‌పూరు తెలుగువారికి పరాయి ఊరును కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూరు రైల్వే తన దారులను కలకత్తా నుండి నాగపూరు వరకును, తరువాత వాల్తేరు వరకును పరచినది. 1931లో విజయనగరము, రాయపూరుల నడుమ మార్గము పూర్తియైన పిదప ఉత్తరాంధ్రమునకు ఛత్తీసుగఢ సీమ మరింత దగ్గరయైనది. కూలి పనులకును, వర్కుషాపు కొలువులకును, గుమాస్తా ఉద్యోగములకును పోయిన కుటుంబములు ఆ రైల్వే పట్టణమున స్థిరపడినవి. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు అదియే కేంద్రస్థానము. కావున రుక్మిణి వేచియున్న ఆ స్టేషను తెలుగు పాఠకునకు అనువాద గ్రంథమున మాత్రమే కనబడు స్థలము గాదు; అతని మేనమామయో పెదతండ్రియో కొలువు చేసిన చోటు కావచ్చును.

క్వేకరులనగా వణకువారు. అది పరులు పెట్టిన పరిహాసపు పేరు. 1650లో డెర్బీ న్యాయాధికారి యొకడు జార్జి ఫాక్సును ఎకసక్కెము చేయుచు ఆ మాట వాడెను. వారు తమ్ము మిత్రులని పిలుచుకొందురు. ఫాక్సు (1624–1691) నేతగాని కుమారుడు, చెప్పులు కుట్టు వానియొద్ద పని నేర్చినవాడు. అంతర్యుద్ధముతో అల్లకల్లోలమైన ఇంగ్లండులో అతడు ఊరూర తిరిగి, ప్రతి మానవునియందును దైవీయమైన వెలుగు కలదనియు, దానిని తెలిసికొనుటకు పురోహితుడు అక్కరలేదనియు బోధించెను. 1652 నాటికి ఆ బోధ ఉద్యమమైనది. వారి ఆరాధన మౌనము. అందరును కూడి ఊరక కూర్చుందురు. ఎవరికైన లోనుండి ప్రేరణ కలిగినచో లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుందురు. చెప్పవలసినది లేనిచో ఆ దినము మౌనముతోనే ముగియును. మిత్రులందరును నేడు ఈ విధముగానే ఆరాధింతురని అనుకొనరాదు. నేడు మిత్రులు అత్యధిక సంఖ్యలో నున్న కెన్యాలో 1902లో మొదలైన మిషను ఫలితముగా పాస్టర్లు, పాటలు, ప్రసంగములు గల ఆరాధన ప్రబలినది. 1896లో అమెరికా మిత్రులు బుందేల్‌ఖండున ఆరంభించిన మిషనును అట్టిదే. అయినను ఆ సమాజపు వచనమునకు మూలధాతువు మౌనమే.

ఆ మౌనమునుండి మాటను గురించిన నియమములు పుట్టినవి. మొదటిది, ప్రమాణము చేయకుండుట. న్యాయస్థానమున ప్రమాణము చేసి చెప్పినది నిజమైనచో, ప్రమాణము లేక చెప్పినది అంతకు తక్కువ నిజమని ఒప్పుకొన్నట్లే గదా యని వారి తర్కము. ఈ పట్టుదలకై అనేకులు చెరసాలల పాలైరి. 1696 నాటి చట్టము గాని వారికి ప్రమాణమునకు బదులు ధ్రువీకరణము చేయు వెసులుబాటు నీయలేదు. రెండవది, అంగడిలో బేరము లేకుండుట. ఇచ్చునదే ధరగా చెప్పవలెను. ఎక్కువ చెప్పి తగ్గించుట అబద్ధముతో ఆరంభమగు వ్యాపారమని వారి భావము. మొదట కొనువారు వారిని విడిచిపోయిరి. పిదప, పసిపిల్లను పంపినను మోసపోదని తెలిసి, వెదకుకొనుచు వచ్చిరి. మూడవది, ప్రభువునైనను కూలివానినైనను ఒకే సర్వనామముతో పిలుచుట.

ఈ నియమములను సాహిత్యదృష్టితో చూచినచో ఒక విషయము స్పష్టమగును. క్వేకరు వచనమునందలి నిరాడంబరతను పలువురు శైలీగుణముగా మెచ్చుకొనిరి. చార్లెస్ లాంబు జాన్ ఉల్మను రచనలను కంఠస్థము చేయుమని పాఠకులకు సలహా యిచ్చెను. కాని ఆ వచనము అలంకారమును విడిచినది అందముకొరకు గాదు. విశేషణము చేర్చిన ప్రతిచోటను మాటకును వస్తువునకును నడుమ ఒక చిన్న తేడా పడునేమో యని భయపడి విడిచినది. అంగడిలో ధర ఎక్కువ చెప్పుట యెట్టిదో, వాక్యములో విశేషణమును ఎక్కువ చేయుట అట్టిదే. బిలాస్‌పూరులో 25కును 2కును నడుమ ఉన్న తేడా వంటి తేడా మాటలలోను పడును. దానిని ఎప్పటికప్పుడు కట్టివేయవలెనని ఆ వచనపు సంకల్పము.

ఉల్మను (1720–1772) జీవితకథ ఈ సంకల్పమునకు గీటురాయి. అతడు న్యూజెర్సీలో మౌంట్‌హోలీ అను ఊర ఒక అంగడిలో గుమాస్తాగా పని చేయుచుండగా, యజమాని ఒక నీగ్రో స్త్రీని అమ్మి, క్రయపత్రము వ్రాయుమని అతనికి చెప్పెను. కొనువాడు ఎదుట కూర్చుండి యుండెను. అతడును క్వేకరే, వృద్ధుడు. ఉల్మనునకు మనసొప్పలేదు. ఐనను జీతగాడు గనుక వ్రాసియిచ్చెను. బానిసలనుంచుకొనుట తమ మతమునకు విరుద్ధమని మాత్రము ఇరువురి యెదుటను పలికెను. తరువాత మరియొకడు అట్టి పత్రమే వ్రాయుమని కోరగా నిరాకరించెను. బానిసలను వారసులకు సంక్రమింపజేయు వీలునామాలను వ్రాయుటకును ఒప్పుకొనలేదు. బానిసలున్న యిండ్ల విడిది చేయవలసివచ్చినపుడు, వారు చేసిన సేవకు వెండినాణెములు లెక్కించి ఇచ్చుచుండెను. 36వ ఏట తన జీవితకథ వ్రాయనారంభించెను. అది అతడు మరణించిన రెండేండ్లకు, 1774లో, అచ్చుపడినది.

‘ఫాంకి’ కథకుడును ఉల్మనును అన్నదమ్ముల వంటివారు. ఇరువురును తమ నోటితో తమ చిన్న తప్పును చెప్పుకొనుచున్నారు. ఇరువురి తప్పును ఒక పేద స్త్రీ విషయమున జరిగినదే. ఇరువురి చేతిలోను అధికారము కొంచెమే: ఒకనికి కలము, మరియొకనికి పైకపు సంచి. తప్పు జరిగిన పిదప ఇరువురికిని మనశ్శాంతి లేదు. కాని అచ్చటినుండి దారులు చీలును. బెంగాలీ కథకుడు ఒంటరి. అతని సంఘమున 23 రూపాయల విషయమడుగువారు లేరు, అడిగినను నవ్విపోవుదురు. కావున అతని సత్యము కవితగా మాత్రమే మిగులును. ఉల్మనునకు తన సత్యమును తీసికొనిపోవుటకు ఒక సభ కలదు.

ఆ సభారీతి రచయితలు గమనింపదగినది. మిత్రుల వ్యవహార సమావేశములలో వోట్ల లెక్క యుండదు. లేఖకుడొకడు మాటలన్నియు విని, సభ మనస్సు ఎటు మొగ్గినదో గ్రహించి, తీర్మానమును అక్కడికక్కడే వ్రాసి చదువును. ఇది మేము చెప్పినదే యని సభ ఒప్పుకొనువరకు ఆ వాక్యములు దిద్దబడుచునే యుండును. అందరి యెదుట వ్రాయబడి, అందరిచేత సరిచూడబడు వచనమది. ఉల్మను ప్రభృతుల యొత్తిడివలన 1758లో ఫిలడెల్ఫియా వార్షిక సమావేశము బానిసల క్రయవిక్రయములు చేయు సభ్యులపై చర్య తీసికొన నిశ్చయించెను. 1776లో బానిసలను విడువని సభ్యులను సమాజమునుండి తొలగింప తీర్మానించెను. ఒక గుమాస్తా మనసులోని ముల్లు ఒక సమాజపు శాసనమైనది.

ఇట్లు చెప్పి ముగించినచో విమర్శ స్తోత్రమగును. అదే ఫిలడెల్ఫియా ప్రాంతమున జర్మన్‌టౌనునందలి మిత్రులు 1688లోనే బానిసత్వమునకు ఎదురు తిరిగి ఒక నిరసనపత్రము వ్రాసిరి. అది మాససభనుండి త్రైమాసిక సభకును, అచ్చటినుండి వార్షిక సభకును పోయినది. వార్షిక సభ దానిని ప్రక్కన పెట్టెను. ఆ కాగితము మరుగున పడి 1844లో గాని మరల బయటపడలేదు. 1688నుండి 1776వరకు గడచిన 88 ఏండ్లలో ఎందరు అమ్ముడుపోయిరో ఆ చక్కని తీర్మానముల భాష చెప్పదు. సభ సత్యమును నిలుపగలదు, మర్యాదగా పాతిపెట్టనుగలదు. ఇంతకంటె సూక్ష్మమైన లోపము ఉల్మను గ్రంథముననే కలదు. అతడమ్మిపెట్టిన ఆ స్త్రీకి అందు పేరు లేదు. ఆమె ఎచటికి పోయినదో, ఏమైనదో చదువరికి తెలియదు. ఠాకూరు కథకుడు తన బాకీ తీర్చలేదు గాని, రుక్మిణి యను పేరును, ఆమె విడిచివచ్చిన పొలమును, ఆమె కూతురి పెండ్లిని మరువలేదు. క్వేకరు వచనము తప్పు చేసినవాని అంతరాత్మను శుభ్రముగా చూపినది. తప్పునకు గురియైన మనిషిని చూపుటలో కవిత దానిని మించినది.

ఈ లోపమే భారతదేశపు మిత్రుల చరిత్రలోను పొడచూపినది. 1866లో రేచల్ మెట్కాఫు అను కుట్టుపని యెరిగిన స్త్రీ కాశీకి వచ్చినది. 1868లో ఇంగ్లండున మిత్రుల విదేశ మిషను సంఘము ఏర్పడినది. 1870ల దశకమున హోషంగాబాదు వారి కేంద్రమైనది. 1896–97లోను, 1899–1900లోను మధ్యపరగణాలను కరవు పట్టి పీడించినపుడు వారు అన్నము పెట్టిరి, పనులు కల్పించిరి, అనాథలైన బిడ్డలను చేరదీసిరి. ‘ఫాంకి’లోని రుక్మిణి కరవునకు ఊరు విడిచి స్టేషను చేరినది, అట్టి కరవులలో తలిదండ్రులను కోల్పోయిన బిడ్డలు మిషను ఆవరణలు చేరిరి. ఆ బిడ్డలు బ్రదికిరి. కాని బ్రదికించినవారి చేతిక్రిందనే పెరిగిరి. వారి సంతతియు కొలువునకును, కొంపకును మిషను మీదనే ఆధారపడిన సమాజమైనది. ఇచ్చువాని చేయి ఎల్లపుడు పైనున్నచో, పుచ్చుకొనువాడు మిత్రుడనిపించుకొనుట కష్టము.

ఈ చిక్కును మార్జొరీ సైక్సు తన గ్రంథమున దాపరికము లేక చర్చించినది. 1980లో వెలువడిన ఆమె భారతీయ క్వేకరుల చరిత్రకు ‘మరచిపోయిన శతాబ్ది’ అని ఉపశీర్షిక. ఆమె 1905లో ఇంగ్లండున జన్మించి, 1928లో మద్రాసు బెంటింకు బాలికా పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరి, 1936లో మిత్రుల సమాజమున ప్రవేశించినది. 1939లో శాంతినికేతనము చేరి బెంగాలీ నేర్చి, ఠాకూరు నాటకములు ‘ముక్తధార’, ‘నటీర్ పూజ’, ‘చండాలిక’లను ఇంగ్లీషు చేసినది, అవి 1950లో ప్రకటితమైనవి. తరువాత సేవాగ్రామమున నయీ తాలీము ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. 1960ల నడుమ నాగాలాండు శాంతి పరిశీలకులలో ఒకరుగా పని చేసినది. హోషంగాబాదు చెంతనున్న రసూలియా మిత్రుల గ్రామకేంద్రమునను కొన్నేండ్లు గడిపినది. దాహమడిగిన భిక్షువునకు నీరు పోయుటకు జంకిన అంత్యజ బాలిక కథయే ‘చండాలిక’. దానిని అనువదించిన చేయియే మిషను చరిత్రను వ్రాసినది గనుక, ఆ చరిత్రలో దాతల కీర్తికంటె గ్రహీతల స్థితి ఎక్కువ వెలుగులోనికి వచ్చినది. తన సమాజపు బాకీని తానే లెక్కకట్టి చూపిన పుస్తకమది. ఉల్మను చేయని పని యొకటి ఆమె చేసినది.

ఒక నియమము ఆచారముగా గడ్డకట్టుట మరియొక ప్రమాదము. అందరిని ఏకవచనముతో పిలుచుట తొలినాళ్ల మిత్రులకు సాహసము. ఆనాటి ఇంగ్లండున పెద్దలు తమకన్న క్రిందివారిని మాత్రమే ఏకవచనమున పిలుచుచుండిరి. తమ్ము బహువచనమున పిలిపించుకొనుచుండిరి. ఆ మెట్టును తొలగించి మిత్రులు దెబ్బలు తినిరి. కాలము మారి, ఇంగ్లీషున అందరికిని బహువచనమే వాడుకయైన పిమ్మటను మిత్రులు తమ ఏకవచనమును విడువలేదు. అది సమత్వమును చాటుట మాని, ఇతడు క్వేకరని చాటు గుర్తుగా మారినది. బూడిదరంగు దుస్తులును అట్లే. ఫాక్సును వివాహమాడిన మార్గరెట్ ఫెల్లు 1700లో, తన 86వ యేటికి దాపున, దుస్తుల రంగులో మతమును చూచు ఈ పోకడను తీవ్రముగా గర్హించినది. నిరాడంబరత యూనిఫారమైన నాడు అదియే ఆడంబరము. గ్రాంథికమును విడిచి వాడుకభాషను చేపట్టిన తెలుగు రచయితలలోను కొందరికి ఈ గతి పట్టకపోలేదు; సూటిగా చెప్పుటకై వచ్చిన భాష, సూటిగా చెప్పుచున్నట్లు కనబడు వేషమైనది.

ఇంగ్లీషు మిత్రులకు రెండు సర్వనామములతో పోయినది. తెలుగువారి చిక్కు అంతకంటె లోతైనది. నీవు, మీరు, తమరు అని ఎదుటివారికి మెట్లు. వాడు, అతడు, ఆయన, వారు అని మగవారికి మెట్లు. స్త్రీకి అన్నిటికంటె క్రింది మెట్టు ‘అది’. రాయికి, చెట్టుకు, పశువునకు వాడు మాటయే. ‘ఫాంకి’ని తెలిగించువాడు మొదటి పుటలోనే ఈ మెట్టుకడ నిలువవలసివచ్చును. రుక్మిణిని చాటునకు పిలిచి బెదరించు ఆ మగవాని నోట తెలుగున సహజముగా వచ్చునది ‘అది’. కన్నీటితో తిరిగివచ్చి వెదకుచున్నపుడు అతని నోట రావలసినది ‘ఆమె’. ఆ రెండు మాటల నడుమ అతని జీవితమంతయు నడచినది. కథ మొదటినుండి ‘ఆమె’ యనియే వ్రాసిన అనువాదకుడు మర్యాదస్థుడే గాని, కథకుని తప్పును ముందే కడిగివేసినవాడగును. ఇంగ్లండున సమత్వమునకై పెద్దలను ఒక మెట్టు దింపవలసివచ్చినది. ఈ దేశమున కూలివానిని, వాని భార్యను ‘మీరు’ అని పిలిచి మెట్టెక్కించుటయే అందుకు సాటియైన సత్యవాక్కు. సూత్రమును తెచ్చికొని రూపమును తెచ్చికొనకుండుట అనగా ఇదియే.

తెలుగు సాహిత్యమున అబద్ధికులకు కరవు లేదు. గురజాడ ‘కన్యాశుల్కము’ 1909 నాటి రూపమున గిరీశము స్వగతముతోనే తెర లేచును: సంతలో సామాను తెత్తునని పూటకూళ్లమ్మ యొద్ద 20 రూపాయలు పుచ్చుకొని, వేశ్యకై ఖర్చుపెట్టినవాడతడు. విజయనగరపు ఈ 20 రూపాయలకును బిలాస్‌పూరునందలి 25 రూపాయలకును మొత్తములో దూరము లేదు. రైలు దారిలోను నేడు పెద్ద దూరము లేదు. రెండును పొట్టకూటికై పాటుపడు స్త్రీల విషయమున జరిగిన ఎగవేతలే. అదే నాటకమున కోర్టులు, దొంగ కాగితములు, తయారుచేసిన సాక్షులు, ప్రమాణము ఎంత చవుకయైనదో చూపుచున్నవి. మిత్రులు ప్రమాణమును నిరాకరించుటలోని వివేకము ఆ యంకములు చదివిన తెలుగువానికి వేరుగ బోధింప నక్కరలేదు. ఐనను గిరీశము బాకీని చూచి ప్రేక్షకుడు నవ్వును. నవ్వుచున్నంతసేపును అతడు గిరీశమునకు వెలుపల నున్నాడు. బిలాస్‌పూరు కవిత చదువువాడు అట్లు నవ్వలేడు. ఏలననగా కథ చెప్పు గొంతు చదువుకొన్నవాని గొంతు, భార్యను ప్రేమించువాని గొంతు, అనగా చదువరి గొంతు.

అబద్ధమును వెలుపలినుండి పట్టి శిక్షించు కళలో తెలుగువారు గొప్ప సిద్ధి పొందిరి. లోపలినుండి లెక్క ఒప్పజెప్పు వచనము మాత్రము తెలుగున ఇంకను పలుచనగానే యున్నది. తెలుగు స్వీయచరిత్రలు అనేకములు ఇతరుల తప్పులను నిర్భయముగా చెప్పును. కర్త తప్పులకడకు వచ్చుసరికి విధి, కాలము, పరిస్థితులు అను పెద్ద మాటలు అడ్డువచ్చును. సత్యము చెప్పుటకు ధైర్యము చాలదనుట పైపై మాట. చెప్పిన సత్యమును ఏమి చేయవలెనో తెలిసిన శ్రోతృసమాజము లేకుండుట అసలు కారణము. ఉల్మనుకు సభ యుండెను గనుక అతని వాక్యము పొట్టిగా నుండి చాలినది. వినువారు లేరని యెంచు రచయిత తన పశ్చాత్తాపమును తానే పెంచి, తానే విని, తానే క్షమించుకొనును.

అట్టి శ్రోతృసమాజమును కల్పించు ప్రయత్నమొకటి హోషంగాబాదు జిల్లాలోనే జరిగినది. 1972లో రసూలియా మిత్రుల గ్రామకేంద్రము, కిశోర భారతి అను సంస్థ కలసి 16 మాధ్యమిక పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర బోధన కార్యక్రమమును ఆరంభించినవి. పిల్లలు పాఠమును వల్లెవేయక, తమ చేతులతో ప్రయోగము చేసి, కన్నది కన్నట్లు తమ మాటలలో వ్రాయవలెను. పరీక్షలో పుస్తకము చూచుకొనవచ్చును. చూడనిది చూచినట్లు వ్రాయుటకు మాత్రము చోటు లేదు. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దానిని చేపట్టి వందలాది పాఠశాలలకు విస్తరింపజేసినది. 2002లో రాష్ట్ర ప్రభుత్వము ఆ కార్యక్రమమును నిలిపివేసినది. అందు పాల్గొన్న వారిలో పెక్కుమందికి క్వేకరు మతముతో సంబంధము లేదు. ఐనను నీవు స్వయముగా ఏమి చూచితివి, దానిని ఎంత మట్టుకు చెప్పగలవు అను ఆ తరగతిగది ప్రశ్న ఫాక్సు అడిగిన ప్రశ్నకు దూరమైనది గాదు. ఒక గ్రామబాలిక తన నోటుపుస్తకమున వ్రాసి, ప్రక్క బల్ల పిల్లలచేత సరిచూపించుకొన్న వాక్యము, మిత్రుల సభలోని తీర్మానము వలెనే, పదిమంది యెదుట నిలిచిన వచనము.

రెండు వాఙ్మయములును ఒండొంటికి ఇవ్వదగినది ఇచ్చట తేలుచున్నది. క్వేకరు వచనము కవితకు ఒక సభను చూపగలదు: తప్పును ఒంటరి హృదయమునుండి తీసి పదిమందిలో పెట్టుము, మాటను కుదించుము, బాకీని మరునాటికి వాయిదా వేయకుము. కవిత ఆ వచనమునకు ఒక పేరును, ఒక ముఖమును ఈయగలదు: బాకీపడిన మనిషిని మరువకుము, ఆమె ఏ ఊరినుండి వచ్చినదో అడుగుము. సభ లేని కవిత ఆర్తనాదమగును. ముఖము లేని తీర్మానము లెక్కల పుస్తకమగును.

బిలాస్‌పూరు ప్లాటుఫారములపై ఇప్పటికిని బండ్లు మారుచునే యున్నవి. మూటలు మోయువారు, గదులూడ్చువారు, వారిని ‘ఏయ్’ అని పిలుచు ప్రయాణికులు అచ్చట నున్నారు. ఆ పిలుచువారిలో తెలుగు మాటలాడువారును ఉన్నారు. ఆ కవితను తెలుగున మరల చెప్పబూనిన రచయితకు ఛందస్సు వెదకుకొనుట పెద్ద పని గాదు. రుక్మిణిని ‘ఆమె’ యని వ్రాయుటకు ముందు, ‘అది’ యని పిలిచిన నోరు తనదియేనని అతడు ఒప్పుకొనవలెను. ఒప్పుకొన్నది విశేషణము చేర్చక చెప్పవలెను. 23 రూపాయలను 23 రూపాయలుగానే వ్రాయవలెను.